ఏ గడపా ఒంటరిగా కాదనదు: సమీకరణానికి అకరణీయ జవాబుందో లేదో చేత్తో తేల్చుకోవడం

23య² + 13క² = 3న²

పోయిన ఆదివారం బోర్డు మీద ఇది రాసి, మూడూ సున్నాలు కాకుండా దీనికి పూర్ణాంకాల్లో జవాబు ఉందా అని అడిగాను. పెద వాల్తేరులో మా డాబా మీద పొద్దున్న ఆరున్నరకి మొదలై, ఎండ చురుక్కుమనేలోపు ముగిసే క్లాసు. వచ్చేది ఆరుగురు, అందరూ ఎమ్మెస్సీ పిల్లలే. గాజువాక నుంచి వచ్చే అబ్బాయి వెంటనే 1, 1 అనుకుంటూ అంకెలు వేసి చూడటం మొదలుపెట్టాడు.

"దొరికితే సరే నాన్నా. గంటసేపు వేసినా దొరక్కపోతే ఏమంటావు? లేదంటావా, ఇంకా రాలేదంటావా?"

పెన్ను ఆపేశాడు. "అదే కదా మేడమ్ తెలియంది" అన్నాడు.

ఆ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకునే దారి రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పాను. నేను చదువుకునే రోజుల్లో ఇది విడమరిచి చెప్పినవాళ్లు లేరు. కాగితం, పెన్సిలు, శేషాల లెక్క వచ్చి ఉండటం, ఇంతే కావలసింది.

గుర్తుల సంగతి ముందు చెప్పేస్తాను. మన పాత బీజగణితంలో తెలియని రాశులకి యావత్తావత్తు, కాలకం, నీలకం అని పేర్లుండేవి. వాటి మొదటి అక్షరాలు యా, కా, నీ అని రాసుకునేవారు. నేను వాటిని కుదించి య, క, న అంటాను. సమీకరణాన్ని రెండు వైపులా న² తో భాగిస్తే ఇదే ప్రశ్న భిన్నాల్లోకి మారుతుంది: ఆ వక్రం మీద రెండు నిరూపకాలూ అకరణీయ సంఖ్యలైన బిందువు ఒక్కటైనా ఉందా? పూర్ణాంకాల్లో అడిగినా, అకరణీయ బిందువుల్లో అడిగినా ఇక్కడ ఒకటే.

ఇప్పుడు అసలు ఆలోచన. అకరణీయ సంఖ్యల్లో జవాబుంటే అది వాస్తవ సంఖ్యల్లోనూ జవాబే. 3తో భాగించి శేషాలు చూసినా, 9తో చూసినా, 27తో చూసినా చెల్లుతుంది. ప్రతి ప్రధానాంకానికీ అంతే. మా క్లాసులో వీటిని గడపలు అంటాం: 2 గడప, 3 గడప, 5 గడప, ఇలా ఎన్ని ప్రధానాంకాలుంటే అన్ని, వాటితో పాటు వాస్తవ గడప. ఏ ఒక్క గడపలో లేదన్నా కథ ముగిసినట్టే. మా అమ్మ జలారిపేట నుంచి గంపెత్తుకొచ్చే ఆవిడ దగ్గర చేపలు కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసేది, కన్ను తేటగా ఉందో లేదో చూసేది, వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూసేది. ఒక్కటి బాగోకపోతే తక్కినవి చూడకుండా పక్కన పెట్టేసేది. పొలుసు పొలుసూ ఎప్పుడూ తడమలేదు. చెడితే ముందు ఎక్కడ చెడుతుందో ఆవిడకి తెలుసు. మనమూ అది తెలుసుకోవాలి, ఎందుకంటే గడపలు అనంతం.

9, 27, 81 అంటూ పోతే ఒక్క 3 గడపే అనంతం కదా అని భయపడకండి. 1897లో కర్ట్ హెన్సెల్ తెచ్చిన పి-ఆడిక్ సంఖ్యలు ఇందుకే. 7 గడపలో 2కి వర్గమూలం తీద్దాం. 3² = 9, 7తో భాగిస్తే శేషం 2. ఇప్పుడు 3కి ఒక 7 కలిపితే 10. 10² = 100, 49తో భాగిస్తే శేషం 2. దానికి రెండు 49లు కలిపితే 108. 108² = 11664 = 34 × 343 + 2. ఒక్కో మెట్టుకీ ఒక్కో అంకె, మెట్లకి అంతు లేదు. మొదటి మెట్టు మీద అవకలజం సున్నా కాకుండా ఉంటే చాలు, పైకి ఎక్కడం ఖాయం అంటుంది హెన్సెల్ ఉపసిద్ధాంతం. వర్గాల విషయంలో 2 గడప ఒక్కటే మొండిది, అక్కడ 8 దాకా చూసుకోవాలి.

చెయ్యి పెట్టే ముందు సమీకరణాన్ని శుభ్రం చేసుకోండి. గుణకంలో వర్గం ఉంటే అక్షరంలోకి తోసేయండి: 12య² అంటే 3(2య)². రెండు గుణకాలకి ఉమ్మడి ప్రధానాంకం ఉంటే దానితో గుణించండి: 6య² + 10క² = 7న² ని 2తో గుణిస్తే 3(2య)² + 5(2క)² = 14న². ఈ పని ఎగ్గొట్టినవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారని నా అనుభవం.

తర్వాత గుర్తులు. అన్నీ ఒకే గుర్తుతో ఒకే పక్కన ఉంటే వాస్తవ గడపలోనే ఆగిపోతుంది. మనది 23, 13 ఒక పక్క, 3 ఇంకో పక్క. ఇబ్బంది లేదు.

ఇక ప్రధానాంకాలు. గుణకాలని భాగించని బేసి ప్రధానాంకం (పి అందాం) దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. న = 1 పెట్టండి. 23య² శేషాలు (పి+1)/2 రకాలు, 3 − 13క² శేషాలు కూడా (పి+1)/2 రకాలు. కలిపితే పి+1, ఉన్న శేషాలేమో పి. రెండు పట్టికల్లోనూ ఒక్కటైనా ఉమ్మడిగా పడి తీరాలి. ఆ మెట్టు దొరికాక హెన్సెల్ పైకి తీసుకుపోతారు. ఇన్ని అనంతం గడపలూ ఒక్క వాక్యంలో తేలిపోయాయి. నాకు ఇప్పటికీ ఈ చోట ఒళ్లు పులకరిస్తుంది. మిగిలినవి 3, 13, 23, 2.

ఒక్కో దగ్గర ఆ ప్రధానాంకం ఉన్న పదం రాలిపోతుంది, మిగిలిన రెండింటి నిష్పత్తి వర్గమా కాదా అన్నదే ప్రశ్న.

3 దగ్గర: 2య² + క² ≡ 0, అంటే క² ≡ య². సరే.

13 దగ్గర: 10య² ≡ 3న². 3కి విలోమం 9 (27లో శేషం 1). న² ≡ 90య² ≡ 12య². 12 అంటే 25, అంటే 5². కాబట్టి న ≡ ±5య. సరే.

23 దగ్గర: 13క² ≡ 3న². 3కి విలోమం 8. న² ≡ 104క² ≡ 12క². 81లోంచి 69 తీస్తే 12, అంటే 9². న ≡ ±9క. సరే.

2 దగ్గర: అన్నీ ఒక పక్కకి తెచ్చాక మూడు గుణకాలూ బేసి అయితే, వాటిలో ఏదో ఒక జంట మొత్తం 4తో భాగించబడితే చాలు. 23 + 13 = 36. సరే.

అన్ని గడపలూ ఔనన్నాయి. ఇప్పుడు ధైర్యంగా వెతకవచ్చు, ఎందుకంటే ఈ మూడక్షరాల వర్గ సమీకరణానికి అన్ని గడపలూ ఒప్పుకుంటే జవాబు ఉండి తీరుతుందని లెజాండ్ర్ 1785లో చూపించారు. ఎంత దూరం వెతకాలో కూడా తెలుసు. 1950లో హోల్జర్ ఇచ్చిన హద్దు ప్రకారం య విలువ √39 దాటనక్కరలేదు, క √69, న √299. అంటే 6, 8, 17 లోపే. అన్నీ వేసి చూడక్కరలేదు. య = 1 అనుకుంటే 13 గడప చెప్పిన మాట ప్రకారం న 5 గానీ 8 గానీ అవ్వాలి. 5 వేద్దాం: 75 − 23 = 52 = 13 × 4. క = 2. 23 + 52 = 75. దొరికింది: (1, 2, 5). అక్కడక్కడ రాసి పెట్టుకున్న ఆ ±5, ±9 లు తీర్పు చెప్పి ఊరుకోవు, వెతికేటప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాయి. అందుకే వాటిని చెరిపేయొద్దంటాను పిల్లలతో.

ఒక్క బిందువు దొరికాక దాని గుండా గీతలు గీస్తే మిగతావన్నీ వచ్చేస్తాయి. అది ఇంటర్ పిల్లలకీ వచ్చిన పనే, దాని మీద ఆగను.

నేను ఆగాలనుకుంటున్నది ఇంకోచోట. 2 గడప లెక్క పైన చేశాను గానీ, చేయక్కరలేదు. ఇలాంటి వర్గ సమీకరణానికి కాదన్న గడపలు ఎన్నో లెక్కపెడితే ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. సున్నా, రెండు, నాలుగు. ఒంటరిగా ఒక్క గడప ఎప్పుడూ కాదనదు. య² + క² = 3న² తీసుకోండి: 3 కాదంటుంది, 2 కూడా కాదంటుంది. కుడి పక్క 7 పెడితే 7, 2 కాదంటాయి. 21 పెడితే 3, 7 కాదంటాయి, 2 ఒప్పేసుకుంటుంది. −1 పెడితే వాస్తవ గడప, 2. −3 పెడితే వాస్తవ గడప, 3. కాగితం మీద ఒక ఇరవై సంఖ్యలకి మీరే వేసి చూడండి. నేను చెప్పినందుకు కాదు, ఆ జంటలు కళ్లముందు కుదురుకోవడం చూడటం కోసం.

గౌస్ 1796లో మొదటిసారి రుజువు చేసిన క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీయే ఇది, హిల్బర్ట్ తొడిగిన బట్టల్లో; రెండు బేసి ప్రధానాంకాల్లో మొదటిది రెండోదాని గడపలో వర్గమా అన్నదాన్ని, రెండోది మొదటిదాని గడపలో వర్గమా అన్నదానితో ముడిపెట్టే నియమం అది. పనికొచ్చే సంగతులు రెండు. ఒకటి, అన్నింటికన్నా చిరాకు పెట్టే గడపని వదిలేయవచ్చు. తక్కినవన్నీ ఔనంటే అదీ ఔనన్నట్టే. రెండు, మీ లెక్కలో కాదన్నవి మూడో ఒకటో తేలితే ఎక్కడో శేషం తప్పు తీశారు, వెనక్కి వెళ్లి చూసుకోండి. నా క్లాసులో ఈ రెండోదే ఎక్కువసార్లు ఆదుకుంది.

మార్బుర్గ్‌లో హెన్సెల్ దగ్గర చదివిన హెల్ముట్ హాసె, మిన్కోవ్‌స్కీ పని మీద నిలబడి, వర్గ సమీకరణాలకి అక్షరాలు ఎన్ని ఉన్నా ఇదే మాట చెల్లుతుందని 1920ల మొదట్లో చూపించారు. అన్ని గడపల్లో ఉంటే అకరణీయాల్లోనూ ఉంది. దీన్నే హాసె సూత్రం అని, లోకల్-గ్లోబల్ సూత్రం అని అంటారు. ఐదక్షరాలు లేదా అంతకు మించి ఉంటే ప్రధానాంకాలు చూడనే అక్కరలేదు, గుర్తులు చూస్తే చాలు.

రెండు హెచ్చరికలు. ఇది అకరణీయాల మాట, పూర్ణాంకాల మాట కాదు. య² + 11క² = 3 కి ½, ½ జవాబు, కానీ పూర్ణాంకాల్లో లేదు, ప్రతి ప్రధానాంకం దగ్గరా పి-ఆడిక్ పూర్ణాంకాల్లో ఉన్నా సరే. రెండో హెచ్చరిక నా సొంతం.

1986 ఎండాకాలం. నాకు పాఠం చెప్పినవారొకరు హాసె సూత్రాన్ని బోర్డు మీద రాసి, వర్గ సమీకరణాలకి మాత్రమే అన్న ముక్క చెప్పలేదు. నేను ఈ సమీకరణం పట్టుకున్నాను:

2క² = య⁴ − 17న⁴

గడపలన్నీ చూశాను. వాస్తవ గడప సరే. 2 గడపలో 17 నాలుగో ఘాతమే, ఎందుకంటే 16తో భాగిస్తే శేషం 1; క = 0 పెడితే సరిపోతుంది. 17 గడపలో 6² = 36 ≡ 2, అంటే 2 వర్గమే; న = 0 పెడితే సరిపోతుంది. తక్కిన ప్రధానాంకాల దగ్గర ఇది ఎక్కడా మొన తేలకుండా నున్నగా ఉండే జీనస్ 1 వక్రం, ఘన సమీకరణాల వక్రాల జాతి. అలాంటి వక్రం మీద కనీసం (√పి − 1)² బిందువులుంటాయని హాసెయే 1930లలో చూపించారు. అది సున్నా కన్నా ఎక్కువ కదా. అన్నీ ఔనన్నాయి. ఇంకేముంది, జవాబు ఉండాలి. నాలుగో ఘాతాల పట్టిక వేసుకుని వెతకడం మొదలుపెట్టాను. మే నెలంతా రాత్రిళ్లు, కరెంటు పోతే లాంతరు దగ్గర, రెండు రూళ్ల నోటు పుస్తకాలు నిండాయి. దొరకలేదు. నా లెక్కలోనే తప్పుందని నెలరోజులు నన్ను నేను నిందించుకున్నాను. కాలేజీలు తెరిచాక యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పాత సంపుటిలో చూశాను: లిండ్ 1940లో, రైకార్ట్ 1942లో, ఇద్దరూ విడివిడిగా దీనికి జవాబు లేదని చూపించారు. పుస్తకం మూసి అక్కడే చాలాసేపు కూర్చున్నాను. ఆ ఒక్క ముక్క అప్పుడే చెప్పి ఉంటే నా మే నెల నాకు మిగిలేది. అందుకే ఇవాళ ఎవరికి ఈ పద్ధతి చెప్పినా, ముందు సమీకరణం ఘాతం చూడమంటాను.

లేదని ఎలా తెలిసిందో చూడండి, చేత్తోనే అవుతుంది. య, న లకి ఉమ్మడి భాజకం లేదనుకుందాం. అప్పుడు క పూర్ణాంకమే. క ని భాగించే బేసి ప్రధానాంకం ఏదైనా తీసుకోండి, దాన్ని ట అందాం. ట, న ని భాగించదు. భాగిస్తే య ని కూడా భాగించాలి. ట = 17 కూడా కాదు, అయితే య, న రెండూ 17తో భాగించబడతాయి. కాబట్టి ట శేషాల్లో య⁴ ≡ 17న⁴, అంటే ట గడపలో 17 వర్గం. 17ని 4తో భాగిస్తే శేషం 1 కనుక రెసిప్రాసిటీ ప్రకారం 17 గడపలో ట కూడా వర్గం. 2 వర్గమేనని చూశాం, −1 కూడా వర్గమే (4² = 16). క అంటే వీటన్నింటి లబ్ధం, కాబట్టి 17 గడపలో క ఒక వర్గం. దాన్ని 2క² ≡ య⁴ లో పెడితే 2 నాలుగో ఘాతం కావాలి. కానీ 17 దగ్గర నాలుగో ఘాతాలు 1, 4, 13, 16 మాత్రమే. 2 లేదు. అయిపోయింది.

ఇందులో గడపల కథ ఎక్కడుందో గమనించారా? క అన్న సంఖ్యని 'వర్గంలోంచి 17 రెట్ల వర్గం తీసేసిన' రూపంలో రాయగలమా అని ఒక్కో గడపనీ అడగండి. అది త² − 17థ² = కద² అనే ఇంకో వర్గ సమీకరణం, కాబట్టి సరిసంఖ్య నియమం దానికి వర్తిస్తుంది. వాస్తవ గడప ఔనంటుంది, 17 ధన సంఖ్య కనుక. 2 ఔనంటుంది, అక్కడ 17 వర్గం కనుక. క ని భాగించే ప్రతి ట ఔనంటుంది. ఏ జవాబు తెచ్చినా 17 ఒక్కటే కాదంటుంది. ఒంటరిగా ఏ గడపా కాదనకూడదు కదా! అసలు సమీకరణాన్ని గడప గడపకీ విడివిడిగా అడిగితే అందరూ ఔనన్నారు. ఒకే జవాబుని అందరి ముందూ పెట్టేసరికి మాటలు పొసగలేదు.

1970లో నీస్‌లో జరిగిన గణిత మహాసభలో యూరీ మానిన్ ఈ అడ్డంకిని సాధారణ రూపంలో చెప్పారు. దాన్ని బ్రౌవర్-మానిన్ అడ్డంకి అంటారు. పద్ధతిగా చెప్పాలంటే: మీ సమీకరణం వర్గాలు దాటిపోతే, గడపలన్నీ ఔనన్నాక ఆగకండి. బిందువు నుంచి పుట్టే ఒక సంఖ్యని ఎంచుకోండి, పైన క ని ఎంచుకున్నట్టు. దానికి జత సంఖ్య, పైన 17 లాంటిది. ఏ గడపలో అయినా ఏ బిందువు తీసుకున్నా జవాబు మారకుండా ఉందేమో చూడండి. కాదన్నవి బేసి సంఖ్యలో వస్తే అకరణీయ బిందువు లేదు. ఏ సంఖ్యని ఎంచుకోవాలన్నదే చేయి తిరగాల్సిన చోటు. సమీకరణంలో లబ్ధంగా విడిపోయే ముక్క ఉంటే అక్కడ మొదలుపెట్టండి.

సెల్మర్ 1951లో చూపించిన 3య³ + 4క³ + 5న³ = 0 కూడా ఇలాంటిదే. గడపలు చూడటం తేలిక: 2, 5 దగ్గర సున్నా కాని ప్రతి శేషమూ ఘనమే; 3 దగ్గర య = 0 పెడితే −5/4 ని 9తో చూసినప్పుడు శేషం 1, అంటే ఘనం. లేదని చూపడానికి మాత్రం 6 ఘనమూలం చేర్చిన సంఖ్యా క్షేత్రంలోకి దిగాలి, డాబా మీద ఒక్క పొద్దులో అయ్యేది కాదు. ఇవి అరుదైన విచిత్రాలు అనుకోవద్దు. మూడక్షరాల ఘన సమీకరణాల్లో సున్నా కాని నిష్పత్తిలో హాసె సూత్రం తప్పుతుందని మంజుల్ భార్గవ 2014లో చూపించారు. మానిన్ అడ్డంకి కూడా అన్నింటినీ పట్టలేదు. దానికీ అందకుండా తప్పిపోయే తలాన్ని 1999లో స్కోరోబొగాటొవ్ ఇచ్చారు.

చేత్తో పది చేశాక కంప్యూటరు తెరవండి, అంతకు ముందు వద్దు. పారీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హిల్బర్ట్ అన్న కమాండు ఒక్కో గడపకీ 1 గానీ −1 గానీ ఇస్తుంది. క్యూఎఫ్‌సాల్వ్ అన్నది వర్గ సమీకరణానికి జవాబు తెచ్చి పెడుతుంది, లేకపోతే ఏ ప్రధానాంకం దగ్గర చెడిందో చెబుతుంది. మీ కాగితంతో సరిచూసుకోవడానికి బాగుంటుంది.

వచ్చే ఆదివారానికి ఇచ్చిన లెక్క ఇది, 1971లో ఇస్కోవ్‌స్కిఖ్ చూపించినది:

క² + న² = (3 − య²)(య² − 2)

వాస్తవ గడపలో య = 1.5 సరిపోతుంది. 3 గడపలో య = 1, తక్కిన అన్నింట్లో య = 0. అకరణీయాల్లో మాత్రం లేదు. య ని చ/ట అని కుదించిన భిన్నంగా రాయండి. 3ట² − చ², చ² − 2ట² అన్న రెండింటినీ కలిపితే ట² వస్తుంది. దాని నుంచి వాటికి ఉమ్మడి భాజకం లేదని, రెండూ ధన సంఖ్యలేనని తేలుతుంది. లబ్ధం రెండు వర్గాల మొత్తం అయినప్పుడు విడివిడిగా ఒక్కోటీ రెండు వర్గాల మొత్తం అయి తీరాలి. తర్వాత చ, ట లు సరి, బేసి అయ్యే మూడు రకాలనీ 4తో చూడండి; రెండింటికి 3ట² − చ² చూస్తే చాలు, ఒక దానికి మాత్రం చ² − 2ట² చూడాలి. గాజువాక అబ్బాయి మెట్లు దిగుతూనే ఆ ఒకటి ఏదో చెప్పేశాడు. చ, ట రెండూ బేసి అయినప్పుడు.